పెట్ సెమెటరీ: హెచ్చరిక విన్నాక కూడా ఆ కొండెక్కింది ఎందుకు

హారర్ నవలల్లో దయ్యానికి మామూలుగా ఒకటే పని, భయపెట్టడం. స్టీఫెన్ కింగ్ రాసిన పెట్ సెమెటరీలో మాత్రం చచ్చిపోయి తిరిగొచ్చే కుర్రాడు మంచివాడు, అర్ధరాత్రి మంచం పక్కన నిలబడి అటు వెళ్ళొద్దు అని చెప్పి పోతాడు, ఆ వెళ్ళకూడని చోటికి దారి చూపించేదేమో ఎదురింటి పెద్దాయన, అదీ పగతో కాదు, ప్రేమతో, ఒక రుణం తీర్చుకుందామని. నవల మొత్తం ఈ తిరకాసు మీదే నడుస్తుంది.

విధిని కవ్వించడం అనగానే మనకి గుర్తొచ్చేది హిరణ్యకశిపుడు లాంటివాళ్ళు, వరాలు అడిగి విర్రవీగి చివరికి ఆ వరంలోని సందులోంచే చచ్చినవాళ్ళు. అహంకారం ఉంది కాబట్టి శిక్ష పడింది, లెక్క సరిపోయింది. ఈ నవల్లో లూయిస్ క్రీడ్ అనే డాక్టర్‌కి ఆ అహంకారం లేదు, డబ్బు ఆశ లేదు, శక్తులు కావాలని లేదు. కూతురికిచ్చిన మాట పోకూడదు, పెళ్ళాం ఏడవకూడదు, కొడుకు కావాలి, అంతే. ఈ మూడూ ఏ తండ్రికైనా ఉండేవే కాబట్టి చదువుతుంటే తప్పు ఎక్కడ మొదలైందో పట్టుకోవడం చాలా కష్టం, ఆ కష్టమే ఈ పుస్తకం గొప్పతనం అని చెప్పాలి. (కథ చివరిదాకా చెప్పకుండా విశ్లేషణ కుదరదు, చదవాలనుకునేవాళ్ళు ముందు నవల చదివేసి రావడం మంచిది.)

ముందు ఈ పుస్తకం ఎక్కడ్నుంచి వచ్చిందో చూస్తే సగం విషయం అర్థమవుతుంది. 1970ల చివర్లో కింగ్ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, యూనివర్సిటీ ఆఫ్ మెయిన్‌లో పాఠాలు చెప్పడానికి వెళ్ళి ఆరింగ్టన్ అనే చిన్న ఊళ్ళో ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. ఇంటి ముందే రోడ్డు, రోజూ భారీ ట్రక్కులు దూసుకుపోతుంటాయి, ఊళ్ళో పిల్లల కుక్కలూ పిల్లులూ వాటి కింద పడి చచ్చేవి. ఇంటి వెనక అడవిలో పిల్లలే వాటికోసం ఒక శ్మశానం కట్టుకున్నారు, దానికి తప్పు స్పెల్లింగ్‌తో ఒక బోర్డు కూడా రాసి పెట్టారు. కింగ్ కూతురి పిల్లి కూడా ఆ రోడ్డు మీదే చచ్చింది, అక్కడే పూడ్చారు. ఆ తర్వాత ఒకరోజు బుడిబుడి అడుగుల వయసులో ఉన్న చిన్న కొడుకు రోడ్డు వైపు పరిగెత్తాడు, అవతల ట్రక్కు వస్తోంది, ఆఖరి క్షణంలో ఆపగలిగారు. పిల్లాడు బతికాడు, కానీ ఆ క్షణం ఇంకోలా జరిగుంటే అనే ఆలోచన ఆ తండ్రిని వదల్లేదు, దాన్నుంచే నవల పుట్టింది.

రాశాక ఆయనకే నచ్చలేదు, నచ్చకపోవడం అంటే బాలేదని కాదు, మరీ చీకటిగా ఉందని. భార్య టబితాకీ నచ్చలేదు. కొన్నేళ్ళు డెస్కులో పడుంది. పాత పబ్లిషర్ డబుల్‌డేకి కాంట్రాక్టు ప్రకారం ఒక పుస్తకం ఇవ్వాల్సి వచ్చి 1983 నవంబర్‌లో బయటికి తెచ్చారు. తన పుస్తకాలన్నిటిలో తనని ఎక్కువ భయపెట్టింది ఇదేనని కింగ్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. పబ్లిసిటీ కోసం అన్న మాటలా అనిపించొచ్చు గానీ, ట్రక్కు ముందునుంచి కొడుకుని లాక్కున్న మనిషి అదే సీన్‌లో కొడుకుని చంపి మిగతా పుస్తకమంతా దాని వెంట నడవడం అంటే అది పబ్లిసిటీ వ్యవహారం కాదు.

ఇక కథ. షికాగో నుంచి లూయిస్, భార్య రేచెల్, అయిదేళ్ళ ఎలీ, ఇంకా రెండేళ్ళు నిండని గేజ్, పిల్లి చర్చ్, అందరూ మెయిన్‌లోని లడ్లో అనే ఊరికి మారతారు. ఎదురింట్లో ఎనభై దాటిన జడ్ క్రాండల్, ఆయన భార్య నార్మా. చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న లూయిస్‌కి జడ్ తండ్రి లాంటివాడైపోతాడు, రోజూ సాయంత్రం వాళ్ళ వరండాలో కూర్చుని బీర్ తాగుతూ కబుర్లు. ఈ కబుర్ల భాగం చాలా పేజీలు నడుస్తుంది, హారర్ కోసం కొన్నవాళ్ళకి ఇక్కడ విసుగొస్తుంది కూడా, కానీ ఈ వరండా లేకపోతే తర్వాత జరిగేది నమ్మలేం. ముక్కూ మొహం తెలియనివాడు రాత్రిపూట శవాన్ని సంచిలో పెట్టుకుని నాతో అడవిలోకి రా అంటే ఎవడు వెళ్తాడు. తండ్రి లాంటి మనిషి రమ్మంటే వెళ్తారు.

మొదటి తప్పు చాలా చిన్నది, చాలామంది దాన్ని తప్పుగా కూడా చూడరు. పిల్లల శ్మశానం చూసొచ్చాక ఎలీకి తన పిల్లి కూడా ఒకరోజు చచ్చిపోతుందని మొదటిసారి తెలుస్తుంది, ఏడుస్తుంది, దేవుడి మీద కోపం తెచ్చుకుంటుంది. లూయిస్ డాక్టర్ కాబట్టి చావు సహజం అని నెమ్మదిగా చెప్పబోతాడు, రేచెల్ మండిపడుతుంది, ఆ మాటే ఇంట్లో ఎత్తొద్దంటుంది. తర్వాత పిల్లి రోడ్డు మీదకి పోకుండా ఆపరేషన్ చేయించేటప్పుడు దానికేం కాదని మాటివ్వమని ఎలీ అడుగుతుంది, లూయిస్ నసుగుతాడు, రేచెల్ ఒత్తిడి చేస్తుంది, ఇక తప్పక దానికేం కాదమ్మా అని మాటిచ్చేస్తాడు. మన ఇళ్ళల్లో తథాస్తు దేవతలు ఉంటారు అశుభం పలకొద్దంటారు కదా, ఇక్కడ దానికి పూర్తిగా తిరగేసిన సంగతి, శుభం పలకడమే ప్రమాదం అవుతుంది. తన చేతిలో లేనిదానికి హామీ ఇచ్చేశాడు. చావు మీద ఎవడూ ఇవ్వలేని మాట ఇచ్చేశాక దాన్ని నిలబెట్టుకోవాల్సిన పరిస్థితి ఎప్పటికో అప్పటికి రాక తప్పదు.

రెండో ముడి రుణం. హాలోవీన్ రాత్రి నార్మాకి గుండెపోటు వస్తే అక్కడే ఉన్న లూయిస్ ఆమెని కాపాడతాడు. డాక్టర్ కాబట్టి చేసే పనే, కానీ జడ్ దృష్టిలో అది తీర్చలేని బాకీ. నవంబర్‌లో థ్యాంక్స్‌గివింగ్‌కి రేచెల్ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్తుంది, లూయిస్‌కి మామగారితో పడదు కాబట్టి ఇంట్లోనే ఉండిపోతాడు, అప్పుడే చర్చ్ రోడ్డు మీద చచ్చి గడ్డకట్టి కనిపిస్తుంది. అప్పుడు జడ్ అతన్ని పిల్లల శ్మశానం వెనక కూలిపోయిన చెట్ల గుట్ట మీదుగా, చిత్తడి నేలలోంచి, రాతిమెట్లెక్కించి మిక్‌మాక్ అనే ఆదివాసుల పాత శ్మశానానికి తీసుకెళ్తాడు. ఎవరిది వాళ్ళే పూడ్చుకోవాలి, గొయ్యి తవ్వేది కూడా తనే. జడ్ పక్కన నిలబడతాడు అంతే, చెయ్యి వెయ్యడు. మర్నాడు పిల్లి తిరిగొస్తుంది.

అంటే ఇంతవరకూ ఎవరూ చెడ్డపని చెయ్యలేదు. ఒకడు ప్రాణం కాపాడాడు, ఇంకొకడు కృతజ్ఞత చూపించాడు, ఒక చిన్నపిల్ల గుండె పగలకుండా ఇద్దరూ కలిసి జాగ్రత్తపడ్డారు. ఈ మంచితనాలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ కింగ్ ఒక దారి కట్టాడు, అది నేరుగా గేజ్ సమాధి దాకా వెళ్తుంది. నార్మాని అంత కష్టపడి బతికిస్తే కొన్ని వారాల్లోనే మెదడులో ఏదో అయి మామూలుగా చచ్చిపోతుంది, జడ్ ఆమెని ఊళ్ళో మామూలుగా సమాధి చేస్తాడు, కొండ మీదకి తీసుకెళ్ళడు. ఈ చిన్న సంగతిని చాలామంది దాటేస్తారు గానీ నవల్లో చావుని సరిగ్గా ఒప్పుకున్న సందర్భం ఇదొక్కటే. జడ్‌కి ఏం చెయ్యాలో తెలుసు. తన విషయంలో తెలిసింది పక్కవాడి విషయంలో పాటించలేకపోయాడు.

ఇప్పుడు ఆ హెచ్చరిక సంగతి. లూయిస్ డాక్టర్‌గా చేరిన యూనివర్సిటీ తెరిచిన మొదటిరోజే విక్టర్ పాస్కో అనే విద్యార్థి జాగింగ్ చేస్తుంటే కారు గుద్ది తల పగిలిపోయి లూయిస్ చేతుల్లో చచ్చిపోతాడు, పోయేముందు ఎప్పుడూ చూడని ఆ డాక్టర్‌ని పేరుపెట్టి పిలిచి ఆ శ్మశానం గురించి మాట్లాడతాడు. ఆ రాత్రే ఇంటికొచ్చి లూయిస్‌ని లేపి అడవిలోకి నడిపించి చెట్ల గుట్ట చూపించి, ఎంత అవసరం అనిపించినా దీన్ని దాటొద్దు అని స్పష్టంగా చెప్తాడు. మసక మసకగా, పొడుపుకథలా కాదు, తిన్నగా చెప్తాడు. పొద్దున్న లేచేసరికి కల అనుకుందామంటే కాళ్ళకి బురద, మంచం మీద ఎండిన పైన్ ఆకులు.

లూయిస్ ఏం చేస్తాడంటే దుప్పట్లు ఉతకడానికి పడేస్తాడు. నిద్రలో నడిచానులే అనుకుంటాడు. హెచ్చరిక ఎందుకు పనిచెయ్యలేదు అంటే మనిషి మొండివాడు కాబట్టి అని సింపుల్‌గా తేల్చెయ్యొచ్చు గానీ కింగ్ ఇంకొంచెం లోతుగా పట్టుకున్నాడు. హెచ్చరిక వచ్చేటప్పటికి లూయిస్‌కి అక్కడికి వెళ్ళాల్సిన అవసరమే లేదు. వెళ్ళొద్దు అని విని సరే అనుకోవడానికి ఏ ఖర్చూ లేదు. అవసరం వచ్చినప్పుడు మాత్రం పాస్కో పక్కన లేడు, చచ్చిన పిల్లి చేతిలో ఉంది, ఫోన్ అవతల కూతురు ఉంది, ముందు దీపం పట్టుకుని నమ్మకమైన పెద్దాయన నడుస్తున్నాడు. ఎక్కడైనా హెచ్చరికలతో వచ్చే చిక్కు ఇదే, ప్రశాంతంగా ఉన్నప్పుడు వినిపిస్తాయి, తీరా కావాల్సిన టైమ్‌లో వాటికి గొంతు ఉండదు. పైగా అది నిజమని ఒప్పుకుంటే చచ్చినవాళ్ళు నడుస్తారని కూడా ఒప్పుకోవాలి, సైన్స్ చదివిన మనిషికి అది ఇంకా పెద్ద నష్టం. అందుకని తన బుర్రని కాపాడుకోవడం కోసం తన ఇంటిని కాపాడే మాటని పారేశాడు. ఇదే మనిషి తర్వాత చచ్చినవాళ్ళు లేస్తారన్న దాన్ని పూర్తిగా నమ్మేస్తాడు, అప్పుడు నమ్మడం వల్ల అతనికి లాభం ఉంది కాబట్టి.

పిల్లి తిరిగొచ్చాక వచ్చే పేజీలు పుస్తకంలో అందరూ తక్కువగా మాట్లాడుకునే భాగం, నిజానికి అన్నిటికంటే భయంకరమైంది అదే. చర్చ్ ఎవరినీ చంపదు, గోడలెక్కదు, కళ్ళు ఎర్రబడవు. కొంచెం తూలుతూ నడుస్తుంది, ఒంటి మీద మట్టి కంపు పోదు, ఎలకల్నీ పక్షుల్నీ చీల్చి గుమ్మం దగ్గర పడేస్తుంది. ఇంతకుముందు పక్కలో పడుకోబెట్టుకున్న ఎలీయే కంపు కొడుతోందని గదిలోంచి పంపించేస్తుంది. లూయిస్‌కి దాన్ని ముట్టుకుంటే అసహ్యం. అయినా అన్నం పెడతారు, తలుపు తీస్తారు, రోజులు గడుస్తాయి. అలవాటైపోతుంది. ఇంట్లోకి రాకూడనిది ఒకటి వచ్చి నెలల తరబడి సోఫా మీద పడుకుంటుంటే ఆ ఇల్లు దానికి సర్దుకుపోయిన తీరు చూస్తే, గేజ్ విషయంలో లూయిస్ ఏం చేస్తాడో అప్పుడే తెలిసిపోవాలి. ఫలితం చెడ్డదని చూశాడు, కానీ భరించగలిగేంత చెడ్డదే కదా అనుకున్నాడు. పూర్తిగా ఘోరంగా ఉంటే అక్కడితో ఆగేవాడేమో.

గేజ్ చావుని కింగ్ చెప్పిన పద్ధతి గురించి కచ్చితంగా మాట్లాడుకోవాలి. మార్చిలో ఒక మధ్యాహ్నం లూయిస్ కొడుకుతో కలిసి గాలిపటం ఎగరేస్తాడు, పిల్లాడి చేతికి దారం ఇస్తాడు, వాడి ఆనందం చూసి పొంగిపోతాడు, చదువుతుంటే మనకీ హాయిగా ఉంటుంది, సరిగ్గా అక్కడ రచయిత మామూలు వాక్యంలో కలిపేసి ఈ పిల్లాడికి ఇంక రెండు నెలలు కూడా ఆయుష్షు లేదని చెప్పేస్తాడు. దాచి ఆఖర్న షాక్ ఇవ్వొచ్చు, ఇవ్వలేదు. ఎందుకంటే షాక్ ఒక్క నిమిషం ఉంటుంది, ముందే తెలిస్తే ఆ మిగిలిన రోజులన్నీ చదివేవాళ్ళు గిలగిల్లాడతారు. మన పెద్దవాళ్ళు పిల్లాడు ముద్దుగా ఉన్నాడని ఎవరైనా గట్టిగా అనగానే దిష్టి తీస్తారు చూడండి, మరీ ఎక్కువ సంతోషం బయటికి కనిపిస్తే ఏదో చూసేస్తుందనే భయం, ఆ గాలిపటం సీన్ చదివితే అదే భయం పట్టుకుంటుంది. పైగా చనిపోయాక ఒక చోట గేజ్ బతికేసినట్టు, లూయిస్ సమయానికి పట్టుకున్నట్టు, వాడు పెరిగి పెద్దయి ఒలింపిక్స్‌లో ఈతగాడు అయినట్టు వివరంగా రాసి మనల్ని నమ్మించి, అదంతా కల అని చేతుల్లోంచి లాగేసుకుంటాడు. ఇది క్రూరం అన్నవాళ్ళున్నారు, క్రూరమే, కానీ ఆ పేజీల వల్లనే ఒక పని జరుగుతుంది, చదివే మనం కూడా వాడు తిరిగి రావాలని కోరుకుంటాం. లూయిస్‌ని పిచ్చివాడు అని పక్కన నిలబడి తీర్పు చెప్పే అవకాశం మనకి ఉండదు.

కొడుకుని తిరిగి తీసుకురావడం అతనికి ఒక్కసారిగా వచ్చిన పిచ్చి కాదు. జడ్ ముందుకొచ్చి టిమ్మీ బేటర్‌మన్ కథ చెప్తాడు, రెండో ప్రపంచ యుద్ధంలో 1943లో చచ్చిన కుర్రాడు, తండ్రి తీసుకెళ్ళి ఆ కొండ మీద పూడిస్తే తిరిగొచ్చాడు, వచ్చి ఊళ్ళో వాళ్ళ రహస్యాలన్నీ వాళ్ళ మొహం మీదే చెప్పి నవ్వాడు, చివరికి ఆ తండ్రే కొడుకుని కాల్చేసి ఇల్లు తగలబెట్టి తనూ చచ్చాడు. ఈ కథ చెప్పింది ఆపడానికి. లూయిస్ విన్నది మాత్రం వేరు. టిమ్మీ విషయంలో చాలా రోజులు గడిచిపోయాయి కదా, శవం సముద్రాలు దాటి వచ్చింది కదా, గేజ్ విషయంలో అలా కాదు కదా అని లెక్కలేసుకుంటాడు. వాడు తేడాగా తిరిగొస్తే డాక్టర్‌ని కాబట్టి పరీక్ష చేసి నేనే ఇంజెక్షన్ ఇచ్చి పంపించేస్తా అని ప్లాన్ కూడా రెడీ. బాగుంటే ఊరొదిలి ఫ్లోరిడా పోయి డిస్నీ వరల్డ్ దగ్గర ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ బతికేద్దాం అనుకుంటాడు.

ఇక్కడ ఈ పాత్ర హారర్ నవలల్లోని మామూలు పిచ్చి సైంటిస్టుల కంటే చాలా దగ్గరగా అనిపిస్తాడు. అతని లాజిక్‌లో లోపం ఎక్కడుందంటే, ఏ ఫలితం వచ్చినా అది మళ్ళీ ప్రయత్నించడానికే కారణం అవుతుంది. పిల్లి తేడాగా వచ్చింది, జంతువు కాబట్టి. టిమ్మీ తేడాగా వచ్చాడు, ఆలస్యం కాబట్టి. తర్వాత గేజ్ తిరిగొచ్చి తండ్రి డాక్టర్ బ్యాగులోంచి కత్తి తీసుకుని జడ్‌ని చంపి, షికాగో నుంచి భయపడి పరిగెత్తుకొచ్చిన తల్లిని చంపి, లూయిస్ తన చేతులతోనే పిల్లికీ కొడుక్కీ ఇంజెక్షన్ ఇచ్చి చంపాక, ఇంత జరిగాక కూడా ఆయన రేచెల్ శవాన్ని భుజాన వేసుకుంటాడు. గేజ్ విషయంలో ఆలస్యం చేశాను, ఈమె ఇప్పుడే పోయింది, ఈసారి వేరుగా ఉంటుంది అంటాడు. పేకాటలో పోగొట్టుకున్నవాడు ఇంకొక్క ఆట అన్నట్టు కనిపిస్తుంది గానీ పేకాటలో గెలిచే ఛాన్స్ ఎంతో కొంత ఉంది, ఇక్కడ అది కూడా లేదు. దుఃఖం ఎంత తెలివైన మనిషినైనా తన తెలివినే తనకి వ్యతిరేకంగా వాడుకునేలా చేస్తుంది అనేదాన్ని ఈ నవలంత గట్టిగా చూపించిన పుస్తకం ఈ జానర్‌లో ఇంకోటి దొరకడం కష్టం.

మరి ఇదంతా అతని ఇష్టమా, ఆ నేల ఆడించిన ఆటా? నవల రెండు వైపులా సాక్ష్యాలు పెట్టి తేల్చకుండా వదిలేస్తుంది. గేజ్‌ని గుద్దిన ట్రక్ డ్రైవర్ లడ్లో దగ్గరికొచ్చేసరికి ఎందుకో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలనిపించింది అంటాడు. రేచెల్ తిరిగొస్తుంటే కారు ఆగిపోతుంది. కాపలా కూర్చున్న జడ్‌కి కావాలని జోకొట్టినట్టు నిద్రపడుతుంది. జడ్ కూడా నిన్ను అక్కడికి తీసుకెళ్ళి నీ కొడుకుని నేనే చంపానేమో అని బాధపడతాడు. ఇవన్నీ చూస్తే ఆ చోటికి ఆకలి ఉంది, అది వాళ్ళని వాడుకుంది అనాలి. కానీ అదే జడ్ ఇంకోమాట కూడా అంటాడు, అక్కడికి వెళ్ళడానికి జనం ఏవో కారణాలు కూర్చుకుంటారు, మంచి కారణాల్లాగే ఉంటాయి, అసలు వెళ్ళేది మాత్రం వెళ్ళాలనిపించి. ఈ మాట నవలకి తాళంచెవి లాంటిది. ఆ నేల ఎవరినీ మెడపట్టి లాక్కెళ్ళదు. సమాధి తవ్వే సీన్ అందుకే అంత పొడుగ్గా ఉంటుంది, లూయిస్ ఇనప కంచె దూకి మోకాలు దెబ్బ తగిలించుకుని, చేతులు బొబ్బలెక్కేదాకా తవ్వి, కొడుకు శవాన్ని టార్పాలిన్‌లో చుట్టి కారులో పెట్టుకుని తెచ్చి, మళ్ళీ మైళ్ళకొద్దీ చీకట్లో మోసుకెళ్ళి రాతినేలలో ఇంకో గొయ్యి తవ్వుతాడు. ప్రతి అడుగు దగ్గరా వెనక్కి వెళ్ళిపోవచ్చు. అన్ని పేజీలు ఖర్చుపెట్టింది ఆ అవకాశాలన్నీ మనకి ఒక్కొక్కటిగా చూపించడానికే.

రేచెల్ గురించి తక్కువే మాట్లాడతారు, ఆమెని చావంటే భయపడే అమాయకురాలిగా వదిలేస్తారు. ఆమె అక్క జెల్డా స్పైనల్ మెనింజైటిస్‌తో మంచాన పడితే అమ్మానాన్నలు వెనక గదిలో దాచిపెట్టారు, ఎనిమిదేళ్ళ రేచెల్‌ని ఒంటరిగా కాపలా పెట్టి వెళ్ళినప్పుడే అక్క ఊపిరాడక పోయింది, పోయినందుకు ఆ పిల్లకి లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది, ఆ హాయికే జీవితాంతం భయపడింది. అంటే నవల్లో రెండు ఇళ్ళల్లో చావుని రెండు రకాలుగా తప్పుగా చూశారు, ఒక ఇంట్లో వెనక గదిలో పెట్టి తలుపేశారు, ఇంకో ఇంట్లో తవ్వి బయటికి తీశారు. లూయిస్ చావు సహజం అని ఎప్పుడూ చెప్తుండేవాడు, భార్య ఒప్పుకోదు అని విసుక్కునేవాడు. తీరా తన దాకా వచ్చాక అసలు ఒప్పుకోలేనివాడు తనే అని తేలింది, రేచెల్ ఏడ్చి, కొడుకు అంత్యక్రియలు చూసి, మిగిలిన కూతుర్ని పట్టుకుని ముందుకి నడవడానికే సిద్ధపడింది.

పుస్తకంలో ఇబ్బంది పెట్టే విషయం ఒకటుంది, దాన్ని దాటెయ్యకూడదు. అమెరికన్ ఆదివాసుల పాత శ్మశానం, దాని మీద శాపం అనేది అక్కడి హారర్‌లో అరిగిపోయిన సరుకు, అరగడానికి ఈ నవల కూడా కారణమే. మిక్‌మాక్‌లు నిజమైన జనం, మెయిన్‌లోనూ తూర్పు కెనడాలోనూ ఇప్పటికీ ఉన్నారు. ఈ నవల రాస్తున్న రోజుల్లోనే మెయిన్‌లో ఆదివాసీ తెగలు తమ భూముల కోసం ప్రభుత్వం మీద కేసులు నడిపాయి, 1980లో చట్టం చేసి పరిష్కారం అన్నారు, మిక్‌మాక్‌లని అందులో కలపలేదు, వాళ్ళకి ఫెడరల్ గుర్తింపు రావడానికి 1991 దాకా పట్టింది. నవల్లో కూడా ఆ అడవి ఎవరిదనే దానిమీద తగాదా ఉందని ఒక మాట ఉంటుంది. ఆ మాట పట్టుకుని ఇంకా లోపలికి వెళ్ళి ఉండాల్సింది, వెళ్ళలేదు, లాక్కున్న నేల పగ తీర్చుకుంటుందనే తెల్లవాళ్ళ భయం దగ్గర ఆగిపోయింది. ఆ చోటు మిక్‌మాక్‌లది కాదు, అంతకంటే పాతది, చెడిపోయిందని వాళ్ళే వాడడం మానేశారు అని జడ్‌తో చెప్పించాడు గానీ అది సరిపోదు. ఇంక నవల్లో ఆ నేలని చెడగొట్టిన భూతంగా వచ్చే విండిగో అనేది ఓజిబ్వే, క్రీ లాంటి అల్గాంకియన్ భాషల జనాల కథల్లోది, చలికాలపు ఆకలికీ నరమాంసానికీ సంబంధించింది. ఎంత తిన్నా తీరని ఆకలి అనే భావం నవలకి బాగా అతికింది నిజమే, శవాలు లేపే పని మాత్రం కింగ్ తగిలించిందే.

చచ్చినవాణ్ణి వెనక్కి పిలవడం అనే కథకి ఇంగ్లీషులో పాత చుట్టం ఉంది, 1902 నాటి డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ కథ, ద మంకీస్ పా. మూడు కోరికలు తీర్చే కోతి చెయ్యి, 200 పౌండ్లు కావాలంటే కొడుకు మిషన్‌లో పడి చచ్చి సరిగ్గా ఆ డబ్బే పరిహారంగా వస్తుంది, తల్లి కొడుకు రావాలని కోరుకుంటుంది, తలుపు దగ్గర చప్పుడు, తల్లి గడియ తీసేలోపు తండ్రి మూడో కోరికతో పంపించేస్తాడు. తలుపు తెరుచుకునేసరికి అక్కడ ఎవరూ లేరు. ఆ తండ్రికి లూయిస్‌కి లేని ఒకటుంది, ఆలస్యంగానైనా కోరికని వెనక్కి తీసుకునే ధైర్యం. జేకబ్స్ చూపించకుండా ఆపేసిన దాన్ని కింగ్ పూర్తిగా ఇంట్లోకి రానిచ్చాడు, ఏం జరుగుతుందో రాశాడు.

మనవాళ్ళకి ఈ నవల కాస్త వేరేగా తగులుతుంది, ఎందుకంటే మనం సావిత్రి కథ విని పెరిగినవాళ్ళం. అక్కడ యముడు ఎదురుగా ఉంటాడు, మాట్లాడతాడు, వాదిస్తే వింటాడు, ఇచ్చినప్పుడు సత్యవంతుణ్ణి మునుపటి మనిషిగానే ఇస్తాడు. లూయిస్‌కి బతిమాలుకోవడానికి యముడు లేడు, నేల ఉంది, నేల మాట్లాడదు. బౌద్ధ కథల్లో కిసాగౌతమి ఇంకా దగ్గర. చచ్చిన బిడ్డని ఎత్తుకుని మందు కోసం తిరుగుతుంటే బుద్ధుడు చావు లేని ఇంటినుంచి గుప్పెడు ఆవాలు తెమ్మంటాడు, ఆమె ఇల్లిల్లూ తిరుగుతుంది, ప్రతి గడపలోనూ ఎవరో ఒకరు పోయారనే చెప్తారు, చివరికి బిడ్డని దించుతుంది. ఆమెకి ఎదురైన ఊరంతా లేదు అన్నారు కాబట్టి బాగుపడింది. లూయిస్‌కి మొదటి గడపలోనే ఉంది రా అన్నవాడు దొరికాడు, అదీ ఎంతో ఇష్టమైనవాడు. నిజానికి జడ్ చెయ్యాల్సిన పని ఆ గడపల్లోవాళ్ళు చేసిన పనే, చచ్చిన పిల్లిని చూసి నాకూ చిన్నప్పుడు స్పాట్ అనే కుక్క ఉండేది, పోయింది, ఏడ్చాను, తగ్గింది అని చెప్పడం. తన కుక్కని పదేళ్ళప్పుడు అక్కడే పూడిస్తే అది తిరిగొచ్చి ఎలా ఉందో, మళ్ళీ చచ్చాక ఎంత హాయిగా అనిపించిందో ఆయనకి తెలుసు. ఆ అనుభవం పంచుకుని ఉంటే సరిపోయేది, ఆయన దారి పంచుకున్నాడు.

సినిమాలు రెండూ చూసినవాళ్ళు చాలామంది పుస్తకం చదవకుండానే కథ తెలుసు అనుకుంటారు. 1989లో మేరీ లాంబర్ట్ తీసిన దానికి స్క్రీన్‌ప్లే కింగ్‌దే, ఫ్రెడ్ గ్విన్ చేసిన జడ్ చాలా బాగుంటాడు, జెల్డా సీన్లు ఇప్పటికీ భయపెడతాయి. 2019 వెర్షన్‌లో గేజ్ బదులు ఎలీని చంపారు, తిరిగొచ్చిన పిల్ల తనేమైందో తెలిసినట్టు మాట్లాడుతుంది కాబట్టి కొన్ని కొత్త సీన్లు కుదిరాయి, కానీ రెండేళ్ళ పిల్లాడు అనేదాంట్లో ఉన్న బరువు పోయింది, వాడికి చావంటే ఏంటో తెలియకముందే చచ్చాడు, తిరిగొచ్చింది వాడు కాదని తండ్రికి ఒప్పుకోబుద్ధి కాదు. రెండు సినిమాల్లోనూ లేనిది లూయిస్ బుర్రలో నడిచే ఆ లెక్కలు. శవం లేవడం తెర మీద బాగానే చూపిస్తారు, ఈసారి వేరుగా ఉంటుంది అని ఒక డాక్టర్ తనని తాను ఒప్పించుకునే ఆ గంటలు చూపించాలంటే పుస్తకం తప్ప దారి లేదు.